తెలిసీ చెప్పకపోతే పాపమా?



ముందుగా మీకొక చిన్న ప్రశ్న. మీ ఊరి సంతలో ఒక ముసలమ్మ పాత ఇత్తడి గిన్నెలు అమ్ముకుంటోంది అనుకోండి. వాటిలో ఒకటి ఇత్తడి కాదని, బంగారమని చూడగానే మీకు తెలిసిపోయింది. ఆమెకు తెలియదు. ఆమె అడిగిన ధర మీరు ఒక్క రూపాయి కూడా తగ్గించకుండా ఇచ్చారు. గిన్నె తెచ్చుకున్నారు. మీరు అబద్ధమాడలేదు, బేరమాడలేదు, బలవంతం చేయలేదు. మరి మీరు చేసింది దొంగతనమా, కాదా?

వెంటనే జవాబు చెప్పవద్దు. ఆదివారం పూజ నుంచి ఇంటికి వెళ్లాక భోజనం దగ్గర మీ ఇంట్లో అడిగి చూడండి. భర్త ఒకటి చెబుతారు, భార్య ఇంకొకటి చెబుతుంది, పిల్లలు మూడోది చెబుతారు. నేను చూసిన ఒక ఇంట్లో సరిగ్గా అలాగే జరిగింది. కాకపోతే అక్కడ గొడవ బంగారు గిన్నె గురించి కాదు. అరచేతిలో పట్టే ఒక అట్టముక్క గురించి.

మన తెలుగు మేత్రాసనాల గురువులు చాలామంది అమెరికా విచారణల్లో సేవ చేస్తున్న సంగతి మీకు తెలుసు. నేనూ కొన్నేళ్లు అక్కడ ఉన్నాను. ఆ విచారణలో మన తెలుగు కుటుంబాలు నాలుగైదు ఉండేవి. అందులో ఒక ఇంటి అబ్బాయికి పన్నెండేళ్లు. అక్కడే పుట్టాడు. మన పిల్లలకు క్రికెట్ ఎలాగో వాడికి బేస్‌బాల్ అలాగ. ఆటకంటే ఎక్కువగా ఆ ఆటగాళ్ల కార్డుల పిచ్చి. ఆదివారం పూజ అయ్యాక విచారణ హాల్లో పెద్దలు కాఫీ తాగుతుంటే, ఒక మూల బల్ల దగ్గర వీడూ ఇంకో అరడజను మంది పిల్లలూ కార్డులు పరచుకుని కూర్చునేవారు. "నీకు రెండున్నాయి, నాకు ఒక్కటీ లేదు, ఇస్తావా?" "ఇస్తా, నువ్వేమిస్తావ్?" ఇదే వాళ్ల జపమాల. మొదట్లో నాకు విసుగనిపించేది. తరువాత తరువాత నేనూ కాఫీ కప్పు పట్టుకుని ఆ బల్ల దగ్గరికే వెళ్లి నిలబడేవాణ్ణి.

కార్డంటే ఏమిటో చూడనివారికి చెప్పాలి. ముందువైపు ఆటగాడి బొమ్మ. వెనకవైపు అతని ఊరు, పుట్టిన తేదీ, ఏ సంవత్సరం ఎన్ని పరుగులు, ఎన్ని దెబ్బలు అన్న లెక్కలు. మన దగ్గర కూడా ఒకప్పుడు బబుల్ గమ్ పొట్లాల్లో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు వచ్చేవి. అంతకుముందు పిల్లలు అగ్గిపెట్టె బొమ్మలు పోగుచేసేవారు. సత్యోపదేశం తరగతిలో సిస్టర్ గారు ఇచ్చిన పునీతుల పటాలను, "నీ దగ్గర పునీత అంతోనివారు రెండున్నాయి, ఒకటిచ్చి నా పునీత తెరేజమ్మను తీసుకో" అని మార్చుకున్నవాళ్లు ఈ పత్రిక చదివేవారిలో ఎంతమంది లేరు! (సిస్టర్ గారి కంటపడితే చెవి మెలిక పడేది. అది వేరే సంగతి.)

అమెరికాలో ఈ కార్డుల చరిత్ర నూరేళ్లు దాటింది. మొదట్లో ఇవి సిగరెట్ పెట్టెల్లో వచ్చేవి. పెట్టె నలగకుండా గట్టిగా ఉండటానికీ, కొనేవాణ్ణి మళ్లీ మళ్లీ కొనిపించటానికీ పొగాకు కంపెనీలు వీటిని వేశాయి. 1909 నుంచి 1911 వరకు వచ్చిన ఒక వరుసకు ఇప్పుడు 'టి206' అని పేరు. అందులో పిట్స్‌బర్గ్ జట్టు ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు చాలా అరుదైనది. తన బొమ్మను ఆపేయమని వాగ్నరే అడ్డు చెప్పాడట. తన బొమ్మ కోసం పసిపిల్లలు పొగాకు కొనకూడదని అన్నాడని కొందరు, తనకు డబ్బు ముట్టలేదని అలిగాడని మరికొందరు చెప్పుకుంటారు. మనిషి ఒక్కడే, పని ఒక్కటే. కారణాన్ని బట్టి అతను పునీతుడిలాగానో పిసినారిలాగానో కనబడతాడు. ఆ కార్డు ఒకటి 2022లో 72 లక్షల డాలర్లకు పైగా ధరకు చేతులు మారింది.

తరువాత పొగాకు పోయి బబుల్ గమ్ వచ్చింది. బ్రూక్లిన్‌లోని టాప్స్ అనే గమ్ కంపెనీలో పనిచేసే సై బెర్గర్ తన వంటింటి బల్ల మీద కూర్చుని 1952 సంవత్సరపు కార్డుల రూపు దిద్దాడు. ఆ వరుసలో చివరి భాగం ఆలస్యంగా వచ్చింది. అప్పటికి ఆటల కాలం అయిపోయింది. సరుకు అమ్ముడుపోలేదు. ఏళ్ల తరబడి గిడ్డంగిలో పడి ఉన్న ఆ పెట్టెలను 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని బెర్గరే చెప్పాడు. అందులోనిదే మికీ మాంటిల్ కార్డు. సముద్రం పాలుకాకుండా మిగిలిన వాటిలో చాలా చక్కగా ఉన్న ఒకటి 2022 ఆగస్టు వేలంలో ఒక కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మన లెక్కలో అది వంద కోట్ల రూపాయలు.

ఇంత డబ్బు చూసి, ఇదంతా ధనాశ వ్యవహారమేనని మీరు అనుకోవచ్చు. కొంత నిజమే. 1980లలో, 90ల మొదట్లో అమెరికాలో చాలామంది తల్లిదండ్రులు పిల్లల కాలేజీ చదువుకు పనికొస్తాయని పెట్టెలకు పెట్టెలు కొత్త కార్డులు కొని, విప్పకుండా అటకమీద దాచారు. కంపెనీలు కూడా వారి ఆశకు తగ్గట్టు కోట్లకొద్దీ అచ్చువేశాయి. అందరూ దాచినది అరుదెలా అవుతుంది? ఈరోజు వాటిలో చాలావాటిని ఉచితంగా ఇచ్చినా తీసుకునేవారు లేరు. కొట్లు పడగొట్టి ఇంకా పెద్దవి కట్టిన ధనికుని ఉపమానానికి (లూకా 12వ అధ్యాయం) ఇంతకంటే వ్యాఖ్యానం అక్కరలేదు.

కానీ ఆ హాల్లోని బల్ల దగ్గర నేను చూసింది వేరు. సిరక్యూస్ నగరంలో జెఫర్సన్ బర్డిక్ అని ఒకాయన ఉండేవాడు. 1900లో పుట్టాడు. విద్యుత్ పరికరాల కర్మాగారంలో పని. ఒళ్లంతా కీళ్లవాతం, వేళ్లు వంకరలు. ఆయన జీవితమంతా కార్డులు పోగుచేసి, వాటికి వరుసలు, పేర్లు పెట్టి ఒక పట్టిక అచ్చువేశాడు. 'టి206' అన్న పేరు ఆ పట్టికలోనిదే. మొత్తం మూడు లక్షలకు పైగా కార్డులు, కాగితాలు. అందులో బేస్‌బాల్‌వే ముప్ఫై వేలు. వాటిని అమ్ముకోలేదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఉచితంగా ఇచ్చాడు. ఇవ్వటమే కాదు, తన చివరి సంవత్సరాల్లో ఆ మ్యూజియంలోనే ఒక బల్ల దగ్గర కూర్చుని, ఆ వంకర వేళ్లతోనే ఒక్కొక్కటిగా ఆల్బముల్లో అతికించాడు. 1963 జనవరిలో ఆ పని ముగిసింది. మార్చిలో ఆయన చనిపోయాడు. ఆ మనిషి ఆనందాన్ని ధనాశ అనగలమా?

పిల్లల మార్పిళ్లలోనూ అలాంటి ఆనందమే చూశాను. మంచి మార్పిడి జరిగిన రోజు ఇద్దరూ నెగ్గినట్టే లేస్తారు. వీడి దగ్గర రెండున్నది వాడికి పోయింది, వాడి దగ్గర రెండున్నది వీడికి వచ్చింది. లోకంలో ఒక్క వస్తువూ కొత్తగా పుట్టలేదు, అయినా రెండిళ్లలో సంతోషం పెరిగింది. పదమూడవ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసుగారు క్రయవిక్రయాల గురించి రాస్తూ మొదట చెప్పేది ఇదే. కొనటం, అమ్మటం అనేవి ఇద్దరి మేలుకోసం ఏర్పడ్డాయి, కనుక ఒకడికి బరువై ఇంకొకడికి లాభమయ్యేలా ఉండకూడదు అని. ఆయన బేస్‌బాల్ చూడలేదుగానీ, ఆ బల్ల సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక శనివారం మా విచారణలో పాత సామాన్ల అమ్మకం పెట్టారు. ఇళ్లలో అక్కరలేనివన్నీ తెచ్చి హాల్లో బల్లలమీద పెడతారు. ఎవరి బల్ల మీద వచ్చిన డబ్బు వారిదే, కొంత భాగం దేవాలయానికి. భర్త పోయిన ఒక పెద్దావిడ తన ఇల్లు ఖాళీ చేస్తూ, పాత పింగాణీ కప్పులు, దుప్పట్లు, ఒక బూట్ల అట్టపెట్టె తెచ్చి పెట్టింది. పెట్టెలో కార్డులు. పైన కాగితం అంటించి ఐదు డాలర్లని రాసింది. మన అబ్బాయి పెట్టె మూత తీశాడు. పది కార్డులు తిరగేసేసరికి వాడి చెయ్యి ఆగిపోయింది. 1955 సంవత్సరపు రొబెర్తో క్లెమెంతే కార్డు, ఆయన మొట్టమొదటి కార్డు. అంచులు నలిగినా, ఒక మూల వంగినా అది వందల డాలర్ల వస్తువు. వాడు కళ్లార్పలేదు. కార్డును మళ్లీ మధ్యలో దూర్చి, మూత పెట్టి, ఐదు డాలర్లు ఇచ్చి, "థాంక్యూ మేడమ్" అని పెట్టె చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

ఆదివారం సాయంత్రం ఆ కుటుంబం మొత్తం నా గదికి వచ్చింది. (ఇది పాపసంకీర్తనంలో విన్నది కాదు. పేర్లు లేకుండా రాయటానికి వారి అనుమతి ఉంది.) తండ్రి ముఖం వెలిగిపోతోంది. "మావాడు చూడండి ఫాదర్ గారూ, ఎంత తెలివో!" తల్లి ముఖంలో ఆ వెలుగు లేదు. "ఫాదర్ గారూ, నాకు రాత్రంతా నిద్ర పట్టలేదండి. ఆవిడ ప్రతి ఆదివారం మా ముందు వరుసలోనే కూర్చుంటుంది. సమాధానం చెప్పుకునేటప్పుడు ఆవిడ చెయ్యి ఎలా పట్టుకోను?" అబ్బాయి మాత్రం న్యాయవాదిలా అడిగాడు. "ఫాదర్, నేను అబద్ధం చెప్పలేదు కదా? ఆవిడ అడిగిందే ఇచ్చాను కదా?"

ఆ ప్రశ్న కొత్తది కాదని వాడికి చెప్పాను. 1990లో ఇల్లినాయి రాష్ట్రంలో ఒక కార్డుల దుకాణంలో నోలన్ రయన్ అనే ఆటగాడి 1968 నాటి మొదటి కార్డు అమ్మకానికి ఉంది. ధర చీటీ మీద 1200 అని రాసి ఉంది. కార్డుల సంగతి తెలియని ఒక సహాయకురాలు ఆరోజు కౌంటర్‌లో ఉంది. ఆమె దాన్ని పన్నెండు డాలర్లుగా చదివింది. అక్కడికి వచ్చిన ఒక కుర్రవాడు పన్నెండు డాలర్లిచ్చి తీసుకుపోయాడు. దుకాణదారుడు కోర్టుకెక్కాడు. దేశమంతా రెండుగా చీలిపోయి వాదించుకుంది. 'పొరపాటు దుకాణానిది, పిల్లవాడిదేం తప్పు?' అని కొందరు. 'వాడికి ధర తెలుసుగదా' అని కొందరు. చివరికి న్యాయమూర్తి తీర్పు చెప్పేలోగానే 1991లో ఇద్దరూ రాజీపడ్డారు. కార్డును వేలం వేసి ఆ డబ్బును ధర్మకార్యాలకు ఇచ్చారు. చట్టం దగ్గర జవాబు దొరకలేదు. ఇద్దరి చేతులూ ఖాళీ అయ్యాయి, పేదల చేతికి ఏదో అందింది. చెడ్డ ముగింపు కాదు. కానీ మన అబ్బాయి ప్రశ్న ప్రశ్నగానే ఉండిపోయింది.

శ్రీసభ పెద్దలు మాత్రం దీనికి ఎప్పుడో జవాబు చెప్పారు. పునీత అగుస్తీనుగారు త్రిత్వమును గూర్చి రాసిన పెద్ద గ్రంథం పదమూడవ భాగంలో, సందర్భవశాత్తు, తనకు తెలిసిన ఒక మనిషి సంగతి చెబుతారు. ఎవరో అతని దగ్గరకు ఒక చేతిరాత పుస్తకం అమ్మటానికి తెచ్చారు. తెచ్చినవాడికి దాని విలువ తెలియదు, చాలా తక్కువ అడిగాడు. కొనేవాడు, అమ్మేవాడు ఆశించనంత సరైన ధర ఇచ్చి పంపాడు. అందరూ చౌకగా కొని ప్రియంగా అమ్మాలనే కోరుకుంటారన్న లోకవాక్యానికి ఇలాంటి మనుషులు ఎదురు సాక్ష్యమని అగుస్తీనుగారి భావన. అక్వినాసుగారు ఇంకా సూటిగా చెప్పారు. అమ్మేవాడు తెలియక ఇత్తడి ధరకు బంగారం అమ్ముతుంటే, అది బంగారమని తెలిసి కొన్నవాడు అన్యాయంగా కొన్నట్టే, మిగతా విలువ తిరిగి ఇచ్చి తీరాలి. నేను మొదట అడిగిన గిన్నె ప్రశ్న ఆయన దగ్గర అప్పు తెచ్చుకున్నదే.

"మరి దాచిన నిధి ఉపమానం సంగతేమిటండి?" అన్నాడు తండ్రి. మంచి చదువరి ఆయన. "పొలంలో నిధి చూసినవాడు దాన్ని మళ్లీ దాచిపెట్టి, వెళ్లి పొలం కొన్నాడని ప్రభువే చెప్పారు కదా. పొలం ఆసామికి చెప్పాడని లేదే. మావాడూ కార్డును మళ్లీ పెట్టెలో పెట్టి పెట్టె కొన్నాడు."

నిజం చెబుతున్నాను, ఒక నిమిషం నాకు మాట రాలేదు. మత్తయి 13వ అధ్యాయం మీద ఎన్నో ప్రసంగాలు చేశాను. ఆ పొలం ఆసామి గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు. తరువాత చెప్పాను. ప్రభువు ఆ మనిషి ఆనందాన్ని మెచ్చుకున్నారు, అతని బేరాన్ని కాదు. లెక్కలు దిద్దిన గృహనిర్వాహకుని ముందుచూపును మెచ్చుకున్నంత మాత్రాన దొంగ లెక్కలు రాయమని అర్థం కాదు గదా. రాత్రివేళ దొంగలా వస్తానని కూడా ప్రభువు చెప్పారు. దొంగతనం మంచిదని మనం అనుకోలేదు. ఇంకొక మాట. ఆ నిధి దొరికినవాడు తనకున్నదంతా అమ్మి పొలం కొన్నాడు. మనవాడు జేబులోంచి ఐదు డాలర్లు తీశాడు. "నీ సైకిలు, నీ కార్డులన్నీ అమ్మి ఆవిడకు ఇచ్చి వచ్చి ఉంటే, అప్పుడు ఆ ఉపమానం నాకు చెప్పు" అన్నాను అబ్బాయితో. వాడు నవ్వలేదు.

అయితే తండ్రి మాటలో న్యాయం లేకపోలేదు. ఆయన అన్నాడు: "వాడు నాలుగేళ్లుగా చదివి నేర్చుకున్నాడు ఫాదర్ గారూ. నేర్చుకున్నదానికి విలువ లేదా?" ఉంది. కార్డుల ప్రదర్శనల్లో ఇద్దరు వ్యాపారులు ఎదురెదురుగా కూర్చుంటారు. ఇద్దరి దగ్గరా ధరల పుస్తకం ఉంటుంది. ఇద్దరికీ ఆట తెలుసు. అక్కడ ఒకడి కన్ను రెండోవాడి కన్ను కంటే కొంచెం చురుకైతే, ఆ కొంచెం లాభం వాడి కష్టానికి ఫలం. న్యాయమైన ధర అనేది గీత గీసినట్టు ఉండదని, కాస్త అటూ ఇటూ అయినంత మాత్రాన న్యాయం చెడదని అక్వినాసుగారే ఒప్పుకున్నారు. కానీ ఆ పెద్దావిడ వ్యాపారి కాదు. పింగాణీ కప్పుల పక్కన తన ఇంటి పాత సామాను పెట్టుకుని కూర్చున్న మన విచారణ మనిషి. ఆమె ఎదుట నీ తెలివి నీ కష్టఫలం కాదు, ఆమె కంటిమీద నువ్వు కప్పిన గుడ్డ. ఇతరుల తెలియనితనాన్ని, ఇబ్బందిని ఆసరాగా తీసుకుని ధరలు పెంచటాన్ని 1992లో వెలువడిన శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఏడవ ఆజ్ఞ కిందనే చేర్చింది. ధర పెంచి అమ్మినా, తగ్గించి కొన్నా, ఆసరా అదే గదా.

సామెతల గ్రంథం 20వ అధ్యాయంలో ఒక కొనేవాడు ఉన్నాడు. బేరమాడేటప్పుడు సరుకు బాగాలేదు, బాగాలేదు అంటాడు. ఇంటికి వెళ్లి గొప్పలు చెప్పుకుంటాడు. మన అబ్బాయి ఆ మాట కూడా అనలేదు నిజమే. కానీ కార్డును మళ్లీ మధ్యలో దూర్చాడు. నేను వాణ్ణి అడిగింది ఆ ఒక్కటే. "ఎందుకు దూర్చావు? పైనే ఎందుకు ఉంచలేదు?" చాలాసేపు బూట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు. "ఆవిడ చూస్తుందేమోనని" అన్నాడు.

ఇంటికి తెచ్చుకున్నాక మూత తీసి చూసి ఉంటే నేను వేరేలా చెప్పేవాణ్ణి. అప్పుడు అది అదృష్టం. వెళ్లి చెబితే మంచితనం. వాడు మాత్రం ముందే చూశాడు. చూసి దాచాడు. మౌనం ఎప్పుడూ అబద్ధం కాదు. కొన్నిసార్లు చెయ్యి అబద్ధమాడుతుంది.

అమ్మేవారి వైపు నుంచి కూడా ఇదే సంగతి చూడవచ్చు. నేను ఆరోజు ఆ తండ్రీకొడుకులకు రెండు వాగ్నర్ కార్డుల కథ చెప్పాను. 2010లో బాల్టిమోర్‌లోని నోటర్ డామ్ స్కూల్ సిస్టర్స్ మఠానికి ఒక కార్డు వచ్చింది. వారి సభలో ఉండి చనిపోయిన ఒక సిస్టర్ గారి సోదరుడు తన ఆస్తినంతా మఠానికి రాసి కన్నుమూశాడు. అందులో ఈ కార్డు ఉంది. దాని నాలుగు తెల్ల అంచుల్లో మూడు ఎవరో కత్తిరించేశారు. పైన ప్లాస్టిక్ పొర అంటించారు. మధ్యలో మడత. సిస్టర్లకు బేస్‌బాల్ తెలియదు. వారు దాన్ని ఉన్నది ఉన్నట్టే చూపించి వేలానికి పెట్టారు. 2,62,000 డాలర్లకు పాట వెళ్లింది. పాడినవాడు సమయానికి డబ్బు కట్టలేదు. చివరికి ఫిలడెల్ఫియాలోని ఒక గుండె వైద్యుడు కొన్నాడు. 2,20,000 డాలర్లు మఠానికి, అంటే వారు పలు దేశాల్లో చేసే పేదల సేవకు అందాయి.

రెండోది లోకంలోకెల్లా పేరున్న వాగ్నర్ కార్డు. అంచులు కత్తిలా పదునుగా, మూలలు నిటారుగా ఉండేవి. 1991లో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, అతని భాగస్వామి కలిసి 4,51,000 డాలర్లకు దాన్ని కొన్నారు. 2007లో 28 లక్షల డాలర్లు పలికింది. నూరేళ్ల నాటి అట్టముక్క అంత చక్కగా ఎలా ఉందని అనుమానించినవారు మొదటినుంచీ ఉన్నారు. 2013లో, ఒకప్పుడు ఆ కార్డును అమ్మిన పేరుమోసిన వేలం వ్యాపారి చికాగో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. అంచులు తానే కత్తిరించానని, ఆ సంగతి దాచానని కూడా చెప్పాడు. వేలాల్లో చేసిన ఇతర మోసాలతో కలిపి 2015లో అతనికి 20 నెలల జైలుశిక్ష పడింది.

రెండు కార్డులకూ కత్తెర పడింది. సిస్టర్ల కార్డు మీద పడిన కత్తెరను పసిపిల్లవాడు కూడా చూడగలడు. రెండో కార్డు మీద పడిన కత్తెర ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ ఎన్నో ఏళ్లు నోరు మెదపలేదు. అబ్బాయి ఇది విని, "అయితే అతను కూడా అబద్ధం చెప్పకుండా ఊరుకున్నాడంతేనా ఫాదర్?" అన్నాడు. నేను జవాబివ్వలేదు. తల్లి వాడి తల నిమిరింది.

మర్నాడు సాయంత్రం తండ్రీ కొడుకూ పెట్టె పట్టుకుని ఆ పెద్దావిడ ఇంటికి వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. దారిలో కారులో ఎవరూ మాట్లాడలేదు. ఆవిడ తలుపు తీసి, నన్ను చూసి కంగారు పడింది, ఎవరికైనా ఏమైనా అయిందేమోనని. అబ్బాయి కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టి, దాని ధర ఎంతో చెప్పి, నాకు ముందే తెలుసు అన్నాడు. నేననుకున్నాను, ఆవిడ మురిసిపోయి 'ఉంచుకో నాయనా' అంటుందని. తండ్రి కూడా అదే ఆశపడి ఉంటాడు.

ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. ధర గురించి ఒక్క మాట అడగలేదు. "ఈయన పోయిన రాత్రి నాకు గుర్తుంది" అంది. 1972 డిసెంబరు 31 రాత్రి. నికరాగ్వాలో భూకంపం వచ్చి వేలమంది నిరాశ్రయులయ్యారు. క్లెమెంతే వారికోసం మందులు, ఆహారం పోగుచేశాడు. పంపిన సరుకు పేదలకు చేరటం లేదని తెలిసి, ఈసారి తానే వెంట వెళ్తానని విమానమెక్కాడు. ప్యూర్తోరికో తీరం దాటీ దాటకముందే విమానం సముద్రంలో కూలింది. ఆయన శవం కూడా దొరకలేదు. ముప్ఫై ఎనిమిదేళ్లు. సరిగ్గా మూడు వేల దెబ్బల దగ్గర ఆయన లెక్క ఆగిపోయింది. "మా ఆయన ఆ రాత్రి రేడియో ముందు కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఈ పెట్టె ఆయనదే. ఇందులో ఈ కార్డుందని నాకు తెలియదు."

తరువాత ఆవిడ పర్సు తీసి ఐదు డాలర్లు అబ్బాయికి ఇచ్చింది. "ఇది నేను ఉంచుకుంటాను. మిగతా పెట్టె నీదే" అంది.

వాడు అక్కడ బాగానే ఉన్నాడు. కారు ఎక్కాక ఏడ్చాడు. తండ్రి కొన్ని వారాలపాటు నాతో ముభావంగా ఉన్నాడు. పూజ అయ్యాక దండం పెట్టి, కాఫీకి ఆగకుండా వెళ్లిపోయేవాడు. నేను ఆయన్ను తప్పుపట్టను. కాలేజీ ఖర్చు ఎంతో ఆయనకు తెలుసు, నాకు తెలియదు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం ఆ పెద్దావిడ జపాల పుస్తకం తెరిస్తే అబ్బాయికి లోపల ఆ కార్డు కనబడింది. పునీతుల పటాల మధ్య, ఆవిడ భర్త సంస్మరణ పటం పక్కన. పుస్తకం మూసినప్పుడల్లా అట్ట నలుగుతోంది. అప్పటికే ఒక మూల వంగిన కార్డు, ఇంకో మూల కూడా మడత పడబోతోంది. కార్డుల సంగతి తెలిసినవాడికి అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. పూజ అయ్యేదాకా వాడు కదలకుండా ఆ పుస్తకం వైపే చూస్తూ కూర్చున్నాడని వాళ్ల అమ్మ చెప్పింది.

తరువాతి ఆదివారం వాడు జేబులోంచి ఒక ప్లాస్టిక్ తొడుగు తీశాడు. కార్డులు పెట్టుకునేది, పది సెంట్లు కూడా చేయదు. ముందు వరుస దగ్గరకు వెళ్లి, "మేడమ్, ఒక్కసారి ఇలా ఇవ్వండి" అని అడిగి, కార్డును అంచులు మాత్రమే పట్టుకుని అందులోకి దించి, మళ్లీ పుస్తకంలో పెట్టి ఇచ్చాడు.